వీరాయమ్మ గడప

మా పేరిశాస్త్రిగారికి ఒక అలవాటుంది. పద్యానికి అర్థం అడిగితే అక్షరం వదలకుండా చెబుతారు. బతుకు సంగతి అడిగితే మాత్రం తిన్నగా చెప్పరు, ఎవరిదో ఒకరి కథ ఎత్తుకుంటారు. తాను నిజానికి ఏమడుగుతున్నాడో శిష్యుడికే తెలియనప్పుడు కూడా ఆయనకు తెలిసిపోతుంది. అదీ మాకొచ్చిన చిక్కు.

ఆ ఉదయం మా విస్సన్న ఒక మాట పుట్టుక అడిగాడు.

"గురువుగారూ, గడప అనే మాట దాటడం అనే అర్థంలోంచి పుట్టిందంటారు. బాగానే ఉంది. మరి ఊళ్ళో ఇళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఇన్ని గడపలు అంటామే, గోడలుండగా, కప్పుండగా, పొయ్యి ఉండగా, ఇంటికి ఆ కొయ్యముక్క పేరే ఎందుకొచ్చింది?"

ప్రశ్న నిఘంటువుదే. కానీ విస్సన్న తమ్ముడు భానుమూర్తి చెప్పాపెట్టకుండా పెళ్ళి చేసుకుని పెళ్ళాంతో వస్తే, "నా గడప తొక్కొద్దు" అని వీడు వీధిలోంచే పంపేశాడు. అప్పట్నించీ సరిగా అన్నం తినడం లేదు. కోపం ఏనాడో చల్లారింది, అన్న మాటే వాణ్ణి పీక్కుతింటోంది. చూస్తే మాకు జాలేసేది. శాస్త్రిగారు తమలపాకుల పళ్ళెం పక్కకు జరిపి మొదలెట్టారు.

గోదావరి లంకలో వీరాయమ్మ అని ఒక ముసలమ్మ ఉండేదట. కొడుకు పడవ పని మీద ఎప్పుడూ దూరాన ఉండేవాడు. ఆవిడ ప్రాణమంతా ఇంటి గడప మీదే. శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. ఒకనాడు కోడలు నాగరత్నం తొందరలో కొబ్బరికాయ తెచ్చి ఆ గడప మీదే పెట్టి కత్తితో కొట్టింది. గాటు పడింది. లక్ష్మి నెత్తిన కత్తి పెట్టావని అత్త, కొయ్యకున్న విలువ నాకు లేదా అని కోడలు. మాటా మాటా పెరిగి చివరికి ముసలమ్మ, "మళ్ళీ ఈ గడప దాటి లోపలికొచ్చావంటే నా మీద ఒట్టే" అనేసింది. నాగరత్నం బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోయింది.

ఆ ఏడే వరదొచ్చింది. లంక జనం గట్టెక్కుతూ బియ్యమో కోళ్ళో, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చుకున్నారు. వీరాయమ్మ మాత్రం గడప ఊడదీయించి పట్టుకొచ్చింది. గట్టు మీద తాటాకు పాక వేసుకుని, తలుపు కూడా లేని ఆ పాక ముందు గడప అడ్డంగా పెట్టి పసుపు రాసింది. చూసినవాళ్ళు ముసలిదానికి మతి పోయిందనుకున్నారు.

వాన ఇంకా వదల్లేదు. అత్త ఉందో పోయిందో చూద్దామని నాగరత్నం బిడ్డనెత్తుకుని, అన్నం మూటతో వచ్చింది. వచ్చి పాక బయటే నిలబడిపోయింది.

"పిల్లాడు తడుస్తున్నాడు, లోపలికి రావే" అంది ముసలమ్మ.

"మీ మీదే ఒట్టేసుకున్నారు గదత్తా. నేను దాటితే మీకేమన్నా అయితే?"

పౌరుషానికి నిలబడిందనుకున్న పిల్ల తన ప్రాణం కోసం నిలబడిందని తెలిసి ముసలమ్మకు ఏడుపొచ్చింది. పక్క పాకలో ఆవిడ, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే, ఎలాగూ గట్టు మీదే ఉన్నాంగా" అని వేళాకోళం చేసింది. కోడలు వినలేదు, కదల్లేదు.

అప్పుడు వీరాయమ్మ నడుం పట్టుకుని లేచింది. గడపను రెండు చేతులా పెకలించి వానలోకి ఈడ్చుకొచ్చింది. కోడలి పక్కనించి అవతలికి వెళ్ళి, ఆమె వెనకాల బురదలో అడ్డంగా పడేసింది.

"ఇంక దాటే పని లేదు. లోపలే ఉన్నావు" అంది.

శాస్త్రిగారు అక్కడితో ఆపేశారు. విస్సన్న తల దించుకునే, "మాది టేకు గడప గురువుగారూ, తాతలనాటిది" అన్నాడు.

శాస్త్రిగారు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"బరువే నాయనా. పద, నేనూ ఓ చెయ్యి వేస్తాను."