ఆపమంటే ఆగిన దువ్వెన

అటూ ఇటూ దొర్లడం మానితేనే చెప్తాను. ఆఁ, అలా. ఆ కాళ్ళు కూడా ఊరుకోవాలి. తల ఇలా నా ఒళ్ళో పెట్టు. ఇక విను.

అనగనగా, రైలు ఆగిందా లేదా అన్నట్టు ఆగి వెళ్ళిపోయే ఒక చిన్న ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఇంటి ముందుగదిలోనే ఆవిడకో బ్యూటీపార్లర్. పార్లరంటే ఎంతనుకున్నావు? ఒక అద్దం, ఒక ఫ్యాను, రెండు స్టూళ్ళు. కనుబొమ్మలు తీర్చడం, మొహానికి ఫేషియల్ చెయ్యడం, పెళ్ళికూతుళ్ళకి గోరింటాకు పెట్టడం, అంతే ఆవిడ పని.

నూకరత్నానికి నిలకడ లేదమ్మా. కూర్చుంటే లేచేది, లేస్తే తిరిగేది. అన్నం కూడా నిలబడే తినేది. కానీ ఆ చేతుల వేగమే ఆవిడకి కూడు పెట్టింది. దారం పట్టి ఇలా ఆడించిందంటే, అబ్బా అనేలోపు కనుబొమ్మ తయారు.

అయితే వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "జుట్టు కూడా చేస్తే బాగుండును కదా నూకరత్నం!" కనుబొమ్మలు ఇక్కడ తీయించుకుని, జుట్టు కోసం రైలెక్కి పక్క ఊరు పోయేవాళ్ళు. అది చూసినప్పుడల్లా ఆవిడ మనసు ఉడికిపోయేది.

అప్పుడు ఆవిడ పట్నం పోయి జుట్టు పని నేర్చుకుంది. పెద్ద అద్దం తెచ్చింది. తల వెనక్కి వాల్చి కడిగే తొట్టి తెచ్చింది. కాలితో నొక్కితే పైకి లేచే ఎర్ర కుర్చీ తెచ్చింది. "ఇకనుంచి ఇక్కడ జుట్టు కత్తిరింపు, జడలు, కొప్పులు" అని బోర్డు రాయించి తగిలించింది. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్ళ మొహాలు మానేసి తలలే చూసేది.

ముందు బడిపంతులమ్మ వచ్చింది. ఏదో సభ ఉందట, కొప్పు కావాలంది. నూకరత్నం దువ్వెన నడినెత్తి మీద పెట్టి ఒక్క లాగు లాగింది. చిక్కు వీడలేదు సరికదా, పంతులమ్మకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఆగవమ్మా తల్లీ, ఆగు" అని ఆవిడ అంటూనే ఉంది. "అయిపోయింది, అయిపోయింది" అంటూ ఈవిడ లాగుతూనే ఉంది. అప్పుడా పంతులమ్మ సగం కొప్పుతోనే లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక కాలేజీ పిల్ల వచ్చింది. జుట్టు భుజాల దాకా కత్తిరించమంది. కుడివైపు కాస్త పొట్టి అయింది. దానికి సరిపెడదామని ఎడమవైపు కత్తిరిస్తే, అది ఇంకా పొట్టి అయింది. "ఇక చాలు ఆంటీ, ఆపండి" అని ఆ పిల్ల మొత్తుకుంటోంది. కత్తెరేమో ఆగదు. చివరికి చెవులు బయటపడ్డాయి. నవ్వకు! పాపం, ఆ పిల్ల చున్నీ కప్పుకుని ఏడుస్తూ పోయింది.

ఇంకేముంది, ఎర్ర కుర్చీలో కూర్చునే నాథుడు లేడు. నూకరత్నం రోజూ దాన్ని తుడిచేది. పైకి లేపేది, కిందికి దింపేది. కిటికీ వైపు జరిపేది, మళ్ళీ గోడ వైపు జరిపేది. పడుకున్నా ఆ కుర్చీయే కళ్ళ ముందు తిరిగేది.

అప్పుడు మూడో మనిషిగా వరహాలమ్మ గారని ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరింది, పూలజడ వేసేవాళ్ళు కావాలి. పెళ్ళికూతురి జడంటే ఊరంతా చూసే జడ. అది కుదిరితే కుర్చీకి ఖాళీ ఉండదు. కుదరకపోతే బోర్డు పీకేసుకోవాల్సిందే.

వరహాలమ్మ గారు లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "మీ లోవకి జడ ఎవరేస్తారు?" అని అడిగింది.

లోవ నూకరత్నం కూతురు. నీ ఈడుదే. పొద్దున తల్లి చేతిలో దువ్వెన కనపడగానే మంచం కిందికి దూరిపోయేది. ఆ తర్వాత సందు దాటి నరసమ్మత్త దగ్గరికి పరిగెత్తి జడలు వేయించుకునేది. ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

"నీ కూతురు నీ చేత జడ వేయించుకోవాలి, అది నేను కళ్ళారా చూడాలి. అప్పుడు మా అమ్మాయి తల నీ చేతికిస్తాను. ఆదివారం సాయంత్రం వస్తా" అని చెప్పి వెళ్ళింది వరహాలమ్మ గారు. చూశావా, మొహం మీదే ఎంత మాటందో! అయినా న్యాయమైన మాటేలే.

ముందు నూకరత్నం జీళ్ళు, ఎర్ర రిబ్బన్లు తెచ్చి లోవని బతిమాలింది. లోవ జీళ్ళు తినేసి, రిబ్బన్లు పట్టుకుని నరసమ్మత్త ఇంటికి పోయింది. గడుగ్గాయి! ఆ తర్వాత నూకరత్నం గట్టిగా కేకలేసింది. లోవ మంచం కింద గోడ దాకా జరిగిపోయింది.

ఆదివారం రానే వచ్చింది. నూకరత్నం కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. తిరిగి తిరిగి, ఆ ఎర్ర కుర్చీలోనే కూలబడింది. "నా కడుపున పుట్టినదానికే నేనంటే భయం" అని భోరున ఏడ్చింది.

అప్పుడు లోవ మెల్లిగా మంచం కింద నుంచి బయటికొచ్చింది. తల్లి ఏడిస్తే ఏ పిల్ల ఊరుకుంటుంది? వెనకాలొచ్చి నిలబడి చూస్తే, అమ్మ జుట్టంతా చింపిరి చింపిరిగా ఉంది.

"అమ్మా, నేను దువ్వనా?" అంది. స్టూలెక్కి, దువ్వెన నడినెత్తి మీద పెట్టి ఒక్క లాగు లాగింది.

"అబ్బా! ఆగవే!" అంది నూకరత్నం.

"అయిపోయింది, అయిపోయింది" అంటూ లోవ మళ్ళీ లాగింది.

ఆ మాట పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుందో నూకరత్నానికి తెలిసిపోయింది. సిగ్గుతో తల వాలిపోయింది. "చాలా నొప్పిగా ఉందే తల్లీ" అంది. "నాకూ అలాగే ఉంటుంది" అంది లోవ.

"మరి నరసమ్మత్త ఏం చేస్తుంది?"

"నేను ఆపమంటే ఆపుతుంది."

అంతేనమ్మా. ఇంకేం కాదు.

అప్పుడు నూకరత్నం లేచింది, లోవ కుర్చీ ఎక్కింది. ఆవిడ పిల్ల జుట్టు పాయని గుప్పెట్లో పట్టుకుని, కింద కొసల దగ్గర దువ్వెన పెట్టింది. రెండు దువ్వులు దువ్విందో లేదో, "ఆపు" అంది లోవ. ఆపింది. లోవ ఆపమంది నొప్పి పుట్టి కాదు, అమ్మ ఆపుతుందో లేదో చూద్దామని! కాసేపటికి "ఊఁ, దువ్వు" అంది.

ఆ తర్వాత మళ్ళీ "ఆపు" అంది. మళ్ళీ ఆపింది. నూకరత్నానికి కాళ్ళు ఊరుకోనంటున్నాయి, వేళ్ళు దురద పెడుతున్నాయి. పొద్దు వాలిపోతోంది, వరహాలమ్మ గారు వచ్చే వేళయింది, జడ సగం కూడా కాలేదు. అయినా పళ్ళు బిగించి నిలబడింది. "దువ్వు" అంది లోవ.

మూడోసారి "ఆపు" అంది. నూకరత్నం ఆగింది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని చూస్తోంది. దువ్వమని లోవ అనదే!

అప్పుడే వరహాలమ్మ గారు గుమ్మంలోకి వచ్చింది. చూస్తే ఏముంది? ఊళ్ళో ఎప్పుడూ నిలవని నూకరత్నం, ఒక చేతిలో పాయ, ఒక చేతిలో దువ్వెన పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. పిల్ల తల తల్లి పొట్టకి ఆనిపోయి ఉంది. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఉష్... దువ్వమని ఇంకా అనలేదండి" అంది నూకరత్నం గుసగుసగా. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

వరహాలమ్మ గారు చెప్పులు విడిచి లోపలికొచ్చింది. చప్పుడు చెయ్యకుండా స్టూలు మీద కూర్చుంది. జడ పూర్తి కాకపోయినా, "మా అమ్మాయిని పంపిస్తాలే" అంది.

పెళ్ళికూతురు కూడా "ఆపు" అందట. ఆపిందట. పూలజడ కొంచెం ఆలస్యమైంది గానీ, కన్ను తిప్పుకోలేకపోయారు జనం. ఆ తర్వాత నూకరత్నం బోర్డు కింద ఇంకో వరస రాయించింది. ఏమనో తెలుసా? "ఆపమంటే ఆపబడును."

మరి నేనూ ఆపనా?

ఏమే... ఆపనా?

చిక్కు వీడింది జుట్టుకి,
దువ్వెన చేరింది గూటికి,
కథ నడిచింది కంచికి,
కునుకు వచ్చింది కంటికి.