నజ్లా ఖాలా కిటికీ దగ్గర చదివిన కథ

ఎప్పటి మాటో. ఓడల మీద వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పగా మా పెద్దలు విన్నారు, వాళ్ళు చెప్పగా మేం విన్నాం. ఎడారి వచ్చి సముద్రంలో కాళ్ళు కడుక్కునే చోట ఒక అరబ్బు ఊరుండేది. ఆ ఊళ్ళో నజ్లా అని ఒకావిడ, పుస్తకాలు కుట్టి అట్టలు వేసి బతికేది. పిల్లలంతా ఆమెను ఖాలా అనేవారు, అంటే పిన్ని అని.

ఆ కాలంలో పుస్తకాలన్నీ పెద్దవాళ్ళవే. వైద్యం, ధర్మం, నక్షత్రాలు. ఆ భాష పిల్లలకి అందేది కాదు. గుమ్మంలో నిలబడి అడిగేవారు.

"ఖాలా, ఇందులో మాకేమైనా ఉందా?"

"లేదు నాన్నా."

అలా అని అని ఆమెకే బాధేసింది. మిగిలిపోయిన కాగితం ముక్కలు కుట్టి, అమ్మలు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే, దారి తప్పిన ఒంటెపిల్ల కథ రాసింది.

ఆ ఊళ్ళో ఏ పుస్తకానికి నకళ్ళు రాయాలన్నా లేఖకుల పెద్ద వహ్బాన్ సరేననాలి. ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఒంటెలు మాట్లాడతాయా?" అని తిప్పి పంపాడు. ఇంటికొచ్చి మళ్ళీ రాసింది.

"వంటింటి మాటలు పుస్తకంలోనా?" అని తిప్పి పంపాడు. ఇంటికొచ్చి మళ్ళీ రాసింది.

మూడోసారి తెరిచి కూడా చూడలేదు. "పిల్లల కోసం కాగితం పాడుచేస్తామా అమ్మా? వెళ్ళిరా."

ఈసారి ఆమె రాయలేదు. పుస్తకాన్ని గూట్లో పెట్టేసి, చాలాకాలం అటువైపు చూడలేదు.

తర్వాత ఒక ఏడు ఊళ్ళోకి మశూచి వచ్చింది. వహ్బాన్ మనవరాలు లమీస్ మంచం పట్టింది. గోడవైపు తిరిగి పడుకుంది. తేనెనీళ్ళిస్తే తాగలేదు. పాలిస్తే తాగలేదు. తాత బతిమాలినా తాగలేదు.

సంగతి విని నజ్లా పుస్తకం పట్టుకుని వెళ్ళింది. జబ్బు ఇంట్లోకి ఎవర్నీ రానివ్వడం లేదు. కిటికీ బయట ఎండలో కూర్చుని చదవసాగింది. ఒంటెపిల్ల ఒక ఇసుకదిబ్బ ఎక్కింది, తల్లి కనబడలేదు. ఇంకో దిబ్బ ఎక్కింది, తల్లి కనబడలేదు. మూడో దిబ్బ ఎక్కింది. అక్కడ నజ్లా చదవడం ఆపేసింది.

లోపల్నించి సన్నటి గొంతు వినిపించింది. "కనబడిందా?"

"ఒక్క గుక్క తాగు తల్లీ, చెబుతాను."

పిల్ల తాగింది. తాత గిన్నె మళ్ళీ నింపాడు.

లమీస్ ముఖాన మచ్చలు మిగిలాయి, ప్రాణం మిగిలింది. ఆ వేసవంతా నజ్లా ఇంటింటి కిటికీ దగ్గరా కూర్చుంది. పిల్లలందరూ దక్కలేదు. దక్కనివాళ్ళకీ కథ చివరిదాకా చదివింది.

జబ్బు తగ్గాక వహ్బానే ఆమె గుమ్మంలోకి వచ్చాడు. "ఆ మాటలు అలాగే ఉంచమ్మా. నకలు నేను రాస్తాను" అన్నాడు. తర్వాత ఆమె ఎన్ని కథలు రాసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. తల నెరిసేదాకా పిల్లలకోసమే రాసి, కన్ను మూసింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పిల్లలకి కథ చదివితే కిటికీ తెరిచే చదువుతారట, పక్కింట్లో మంచాన పడ్డ బిడ్డ ఎవరైనా వింటుందేమోనని. చదివేది తండ్రి కావచ్చు, తాత కావచ్చు, గడ్డం నెరిసిన పంతులు కావచ్చు. మధ్యలో ఆపితే పిల్లలు మాత్రం "తర్వాత, ఖాలా?" అంటారట. అలా కాదని ఏ తాతా సరిదిద్దడట.