సుద్ద మీద గీత

పేర్రాజు మేస్త్రీ ఏ ప్రశ్నకీ నోటితో జవాబు చెప్పేవాడు కాదు. రాజమండ్రిలో మోటారు సైకిళ్ల పనికి ఆయన పెట్టింది పేరు. అడిగినవాడికి ఏదో పని తగిలించి పంపేవాడు. జవాబు దారిలో ఎక్కడో ఎదురయ్యేది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆయన్ని ఊరికే ప్రశ్నలు అడిగేవాళ్లు కాదు.

అబ్బులుకి ఇంకా తెలియదు. ఆరేళ్లు కార్ల షెడ్డులో చేసి, ముప్పయ్యో ఏట మేస్త్రీ దగ్గర చేరాడు. వాళ్లక్క మంగతాయారు మన్యంలో నర్సు. మందులపెట్టె వెనక కట్టుకుని, మొనగాళ్లే తడబడే మారేడుమిల్లి ఘాటీ మలుపుల్లో పాత మోటారు సైకిల్ మీద తిరుగుతుంది. దాని ముందు చక్రం ఇరుసు అరిగిపోయింది. ఆ బండి సామాన్లు బజారులో దొరకడం మానేసి చాలాకాలమైంది కనక లేత్ మిషన్ మీద చేయించాల్సిందే. తక్కువలో అయిపోతుందని అబ్బులు అక్కకి మాటిచ్చేశాడు. తీరా లేత్ పని చేసే కాలేషా సాయిబు చెప్పిన ధర విని నేరుగా మేస్త్రీ దగ్గరికొచ్చాడు.

"గురువుగారూ, జానెడు ఇనపకడ్డీ. దీనికి రెండింతలుండే కారు సామాను ఇందులో సగానికే వస్తుంది కదండీ. బైకుదానికే ఎందుకండీ ఇంత?" అని అడిగాడు. మేస్త్రీకీ సాయిబుకీ మధ్య ఏదో కమీషన్ ఉండి ఉంటుందన్న అనుమానం కడుపులో పెట్టుకునే అడిగాడు. మేస్త్రీ అది కనిపెట్టాడో లేదో మరి.

"నువ్వే వెళ్లి చేయించుకు రా. అది చేతికొచ్చేదాకా అక్కణ్నుంచి లేవకు" అన్నాడు.

కాలేషా పొద్దున్నంతా కూర్చోబెట్టి ఒకటి కాదు, నాలుగు ఇరుసులు చేశాడు. కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాడు. ఆ తర్వాత కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, ఒళ్లంతా సుద్ద రాసి ఎండలో పెట్టాడు. కంటికి ఆనని పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు సుద్ద మీదికి ఊరుతుందట. ఇద్దరూ టీ తాగి వచ్చేసరికి మొదటిదాని మీద వెంట్రుకంత తడిగీత తేలింది. కాలేషా దాన్ని కటింగ్ మిషన్ కింద పెట్టి రెండు ముక్కలు చేశాడు. రెండోదీ అంతే. మూడోదాని అంచున చీమ తలంత చెమ్మ.

అబ్బులు దాన్ని వేలితో చూపించాడు. "ఇది నాకిచ్చేయండి, సగం ధరకి. బయటివాళ్లకి కాదండీ, మా అక్క బండికే" అన్నాడు.

కాలేషా తలెత్తి చూశాడు. "మీ అక్కగారికా?" అని, దాన్నీ కోసేశాడు.

అబ్బులుకి సిగ్గుతో తల వాలిపోయింది. మాట మార్చడానికి, పక్కన డబ్బాలో ఉన్న కారు బుష్షులు, చక్రాల దగ్గర తొడిగే గొట్టపు ముక్కలు, చూపించి, వాటికి సుద్ద రాయరేమని అడిగాడు.

"అవి చెడితే ముందు చప్పుడు చేస్తాయండి. కారు మూలుగుతుంది, పక్కకి ఆపుకుంటారు. ఇది ముందుగా ఏమీ చెప్పదు, ఒక్కసారే విరుగుతుంది."

"పోనీ, చెడినవాటిని తుక్కులో పడేస్తే పోయేది కదండీ. కోయడం దేనికి?"

"ఎవరో ఏరుకెళ్తారు. ఎవరి అక్క బండికో వేస్తారు."

నాలుగోదాని మీద సుద్ద తెల్లగానే ఉండిపోయింది. అయినా కాలేషా ఇంకో గంట చూసి గానీ ఇవ్వలేదు. అలాంటి పనివాడికి దణ్ణం పెట్టకుండా ఉండటం కష్టం. అబ్బులు పెట్టాడు కూడా. అడిగిన ధర ఇచ్చేసి, బేరమాడకుండా వచ్చేశాడు.

సాయంత్రం అతను ఇరుసు బిగిస్తుంటే మేస్త్రీ వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్ని కోశాడు?"

"మూడండి."

"ఎన్నిటికి డబ్బు పుచ్చుకున్నాడు?"

"ఒక్కదానికేనండి."

మేస్త్రీ చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి, అది ఆగేదాకా చూసి లేచాడు.

"మీ అక్క అడిగితే, చవగ్గానే వచ్చిందని చెప్పు."