పనసమ్మపేట తల్లికి నూనె చేతుల దండం

సముద్రపు ఒడ్డు నుంచి రెండు కోసుల దూరం లోపలికి, జీడితోటలు దాటి ఇసుకబాట పట్టి వస్తే పనసమ్మపేట వస్తుంది. ఇక్కడ గోపురం లేదు, ప్రాకారం లేదు. నలుగురు చేతులు చాచినా చుట్టుకు రాని పనస చెట్టు, దాని మొదట్లో ముళ్లముళ్ల రాయిగా వెలసిన పనసమ్మ తల్లి, ఎండ తగలకుండా పైన నాలుగు రేకులు. తల్లికి ఏదో పెద్ద పేరు ఉండి తీరాలని పండితులు అప్పుడప్పుడు వచ్చి చెబుతుంటారు. ఊరివారు భక్తితో విని, తలూపి, మళ్లీ పనసమ్మ అనే పిలుస్తారు. ఈ పుస్తకం కూర్చినవాడి చదువు కూడా అంతంతమాత్రమే గనుక ఇందులో శ్లోకాలు లేవు. పెద్దలు చెప్పిన కథ మాత్రం ఉంది.

పూర్వం ఇక్కడ దాలయ్య అనే తోటకాపు ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, ఈ చెట్టొక్కటే అతని ఆస్తి. కష్టజీవే గాని, ఎవరికీ చేతులు జోడించి ఎరగడు. దేవుడికైనా తల కాస్త ఆడించి ఊరుకునేవాడు. పక్కింటి అసిరమ్మతో అతనికి మాటలు లేవు. ఆమె పెరట్లో రాలిన పండును సైతం దడి దూకి వెనక్కి తెచ్చుకున్న ఘనుడు మరి.

ఒక వైశాఖంలో తుపాను వచ్చింది. కొబ్బరిచెట్లు నేలకు ఒరిగాయి. గాదెల్లో చోళ్లు, అంటే రాగులు, తడిసి కుళ్లిపోయాయి. దాలయ్య పనస ఒక్కటే నిలబడింది. అతడు రాలిన కాయలను గుడిసెలోకి మోసి గడ్డి కింద దాచాడు, చెట్టు మీది వాటికి తాటాకులు కప్పాడు. ఊరంతా వచ్చి అడిగితే తనకేం మిగులుతుందని అతని భయం. అవి పండేదాకా తానూ పస్తే ఉన్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం ఒక పండు మెత్తబడింది. దాలయ్య తలుపు వేసుకుని దాన్ని చీల్చాడు. పనస ముట్టేముందు చేతులకు నూనె రాసుకోవాలని ఆ ప్రాంతంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. అతని నూనెకుండ తుపానులో పగిలింది, ఆకలికి ఆ మాటే గుర్తు రాలేదు. పనస పాలు చేతులనిండా అంటుకున్నాయి. వదిలించుకుందామని అరచేతిని అరచేతితో రుద్దేసరికి జిగురు బిగిసి రెండు చేతులూ ఒకటైపోయాయి. లాగితే తోలు ఊడేలా ఉంది. పశువులా నోటితో అందుకోబోతే గడ్డానికీ జిగురు అంటుకుంది. ఎదుట బంగారంలాంటి తొనలు, కడుపులో మూడురోజుల మంట. బయటికి వెళితే దాచినదంతా బయటపడుతుంది, వెళ్లకపోతే ప్రాణం నిలవదు.

చివరికి మోచేత్తో తలుపు నెట్టి, జోడించిన చేతులతో అసిరమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

ఆమె తేరిపార చూసింది. "దండమెట్టడానికి ఇన్నేళ్లకి బుద్ధి పుట్టిందేటి మావా?"

"దండం కాదే అమ్మీ, జిగురు. సుక్క నూనుంటే పొయ్యి. పండు కోద్దామని..." అంటూ నాలుక కరుచుకున్నాడు.

"తెలుసులే. పొద్దున్నించి నీ పండు వాసనే కూడనుకొని బతుకుతన్నాం. గడ్డి కింద పనస దాగుద్దేటి?"

తుపాను తరువాత ఆ వాకిట్లో నవ్వు వినబడటం అదే మొదలు. నవ్వుతూనే ఆమె ఇంట్లోకి వెళ్లి, గ్రామదేవత దీపానికని దాచిన చివరి గరిటెడు నూనె తెచ్చి అతని చేతుల మీద ఒంపేసింది.

"దీపానికో?" అన్నాడు దాలయ్య.

"అమ్మోరు ఒక్కపూట సీకట్లో ఉంటాది మావా. నువ్వు కూడు లేక ఉండలేవు గదా."

ఆమె వేళ్లతో రుద్ది రుద్ది అతని చేతులు విడదీసింది. విడివడిన చేతులు మాత్రం దించబుద్ధి కాలేదు దాలయ్యకు. ఈసారి జిగురు లేకుండానే వాటిని జోడించాడు. తరువాత గుడిసె తలుపులు బార్లా తెరిచాడు.

ఆనాటినుంచి తొనలు పిల్లలకూ బాలింతలకూ వెళ్లాయి. గింజలు నిప్పుల్లో కాల్చి పెద్దలు తిన్నారు. లేతకాయలను పొట్టు కొట్టి కూర వండారు. తొక్కలు ఆవులకు, ఆకులు మేకలకు వేశారు. తెంపినచోటే మూడోనాటికి మళ్లీ పిందె వేసిందనీ, కొత్త చోళ్లు చేతికొచ్చేదాకా ఊళ్లో ఒక్క ప్రాణమూ పోలేదనీ చెబుతారు.

కడుపు నిండిన ఒక మధ్యాహ్నం దాలయ్యకు కునుకు పట్టింది. కలలో తల్లి కనిపించి, "నా దీపం నీ చేతుల్లో వెలిగింది. ఈ చెట్టు మొదట్లో ఉన్నాను, తవ్వి చూడు. నా దగ్గరికి ఎవరూ ఒంటిగా రాకూడదు సుమా" అని పలికింది. తవ్వితే పనసకాయ ఆకారంలో ఈ రాయి దొరికింది. మొదటి దండం దాలయ్యా అసిరమ్మా కలిసి పెట్టారు.

ఇప్పటికీ వైశాఖ పౌర్ణమినాడు భక్తులు చెట్టు ముందరి రాతిమెట్టు దగ్గర అరచేతులకు నూనె పూయించుకుని తల్లికి దండం పెడతారు. ఎవరి నూనె వారు పూసుకోకూడదు, పక్కవారిని అడిగి పూయించుకోవాలి. ఆ తరువాతే పనసతొనల ప్రసాదం. మాటలు లేని అన్నదమ్ములూ, దడి తగాదాల ఇరుగుపొరుగులూ ఇక్కడికి ప్రత్యేకంగా వస్తుంటారు. తల్లి దయవల్ల చాలామంది కలిసే వెనక్కి వెళ్తారు.

ఒంటరిగా వచ్చినవారు రెండోవారు వచ్చేదాకా మెట్టు మీద కూర్చుంటారు. ఆ ఎదురుచూపునే ఇక్కడ మొదటి పూజ అంటారు.