బండకేశుడి నేస్తం

ఒకానొక కొండరాజ్యాన్ని రణమల్లుడనే రాజు ఏలేవాడు. పులి-మేక ఆటలో తనను ఓడించే మొనగాడు ముల్లోకాల్లోనూ లేడని ఆయన నమ్మకం. ఓడించినవాడు లేని మాట నిజమే. ఆయనతో ఆడేవాళ్ళంతా మెడ మీద తల ఉండాలని కోరుకునేవాళ్ళు మరి! రాజుగారు పులులు పట్టుకుంటే మేకలు వరస కట్టి వాటంతట అవే వచ్చి నోట్లో పడేవి.

ఆస్థానంలో నవ్వించే కొలువు చేసే గవరయ్య ఒక్కడికే ఒకనాడు ఆ సంగతి మరుపుకొచ్చింది. నిండుసభలో రాజుగారి మూడు పులులనూ మేకలతో కట్టేసి, "ఇక కదలండి మహారాజా, చూద్దాం" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం కందగడ్డ అయింది.

"మా చెరసాలకు బండకేశుడు కాపలా. మా తాతగారు కొండల్లో పట్టి తెచ్చిన రాక్షసుడు. వాడికి జాలీ లేదు, నవ్వూ లేదు" అన్నాడు రాజు. "నలభై రోజులు గడువిస్తున్నాను. ఈలోగా వాడు నీకు నేస్తమైతే, అయిన క్షణం నుంచీ నువ్వు మా ఖైదీవి కావు. కాకపోతే నలభై ఒకటో నాడు నీ తల నీది కాదు."

చెరసాల గుమ్మం చేరాక గానీ గవరయ్యకు అందులోని తిరకాసు కనబడలేదు. తలుపు మీద రాజాజ్ఞ చెక్కి ఉంది: ఖైదీతో నేస్తం కట్టిన కాపలావాడికి శిరశ్ఛేదం. తన తల నిలబెట్టుకోవాలంటే ఇంకొకడి తల పోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఖైదీ అన్నంలో విషం కలిసిందేమోనని కాపలావాడు ముందుగా ఒక్క ముద్ద తిని చూడాలని అక్కడి ఆచారం. మనుషులు కాపలా కాసే రోజుల్లో పెట్టిన ఆచారం అది. బండకేశుడికి ఒక్క ముద్దంటే పళ్ళెం ఖాళీ. పాత ఖైదీలు ఆకలికి తాళలేక చేసిన నేరాలూ చెయ్యని నేరాలూ ఒప్పేసుకుని బయటపడేవాళ్ళు.

మూడో రోజు గవరయ్య నీరసంగా అడిగాడు. "దొరా, విషం ఉందా?"

"లేదు."

"సరిగ్గా చూశారా?"

"అడుగుదాకా చూశాను."

"మరి నేనేం తినను?"

బండకేశుడు పళ్ళెం వంక చూశాడు, తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. మర్నాడు రోలంత రాగిసంగటి ముద్ద తెచ్చి, "మా ఆవిడ పంపింది. విషం సంగతి నువ్వే చూసుకో" అని ముఖం తిప్పుకున్నాడు.

కడుపు నిండితే గవరయ్య బుద్ధి ఊరుకుంటుందా? బొగ్గుతో నేల మీద గీతలు గీసి గులకరాళ్ళు పేర్చాడు. రాక్షసుడు పులులు తీసుకున్నాడు, ఓడిపోయాడు. ఆ గర్జనకు గోడ సున్నం రాలింది.

"ఒరే మనిషీ, నేనంటే భయం లేదూ?"

"ఎందుకు లేదు దొరా, ఇంకా వణుకుతూనే ఉన్నాను. కానీ భయపడి ఓడిపోతే అది ఆటెలా అవుతుంది?"

బండకేశుడు ఆ పూటంతా ఆలోచించాడు. మర్నాడు తెల్లవారకముందే వచ్చి రాళ్ళు పేర్చాడు.

పది రోజుల్లో "దొరా" పోయి "అన్నా" అయింది, "ఒరే మనిషీ" పోయి "గవరా" అయింది. గవరయ్యకు జ్వరం వస్తే బండకేశుడు దుప్పటంత తడిగుడ్డ నుదుట వేసి, ఊపిరాడనివ్వకుండా సేవ చేశాడు. మొదట్లో గవరయ్య తన తల కోసమే అతన్ని మచ్చిక చేసుకోజూశాడు. ఇప్పుడు అన్న తల తలుచుకుంటే సంగటి గొంతు దిగడం లేదు.

ముప్పై తొమ్మిదో నాడు రాక్షసుడే అన్నాడు. "రేపు నేస్తమేనని చెప్పేస్తాను గవరా. నా మెడ తెగాలంటే వాళ్ళకు వారం పడుతుందిలే."

గవరయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఆటలో మూడుసార్లు తప్పు రాయి కదిపాడు. మూడోసారి ఉన్నట్టుండి నవ్వి, "నిజమే చెప్పన్నా. తక్కింది నాకొదిలెయ్" అన్నాడు.

నలభయ్యో నాడు రాజు మంత్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏరా బండకేశా, వీడు నీకేమవుతాడు?"

"నేస్తం మహారాజా. ఆటలో రాళ్ళు దాస్తాడు గానీ, నేస్తమే."

"దాచింది నువ్వన్నా!"

"నేనా? నిన్న నీ మోకాలి కింద దొరికిందేమిటి?"

"చాలు, చాలు, నమ్మాను" అని రాజు చెవులు మూసుకున్నాడు. "గవరయ్యా, నీకు విడుదల. బండకేశుడి తల తీయండి."

"ఏ నేరానికి మహారాజా?"

"ఖైదీతో నేస్తం కట్టినందుకు."

"ఏ ఖైదీతో?"

"నీతోనే!"

"అన్న నాకు నేస్తమైన క్షణం నుంచీ నేను ఖైదీని కానని నిండుసభలో తమరే సెలవిచ్చారు. నేను ఖైదీగా ఉన్నంతసేపూ అన్న నాకు నేస్తం కాడు. నేస్తమయ్యాక నేను ఖైదీని కాను. ఇక అన్న నేస్తం కట్టిన ఖైదీ ఎక్కడున్నాడు?"

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి పైకప్పులో బూజు చూస్తున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ లోపలెందుకున్నావు?"

"చుట్టపుచూపుగా ఉన్నాను మహారాజా. వదిన సంగటి బాగుంటుంది."

రాజు పళ్ళు నూరి, "సరే, ఎవరి తల వాళ్ళ దగ్గరే ఉండనీ" అన్నాడు.

"అన్నతో ఒక్క ఆట ఆడండి ప్రభూ. కావాలని ఓడిపోవడం అన్నకు రాదు" అన్నాడు గవరయ్య.

పౌరుషం పొడుచుకొచ్చి రాజు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ఇన్నాళ్ళూ గవరయ్య చేతిలో తిన్న దెబ్బలన్నీ గుర్తుపెట్టుకున్న బండకేశుడు ఈసారి మేకలు తీసుకుని, మధ్యాహ్నానికి మూడు పులులనూ కట్టేశాడు.

రాజు మీసం అదిరింది. "నిన్ను ఇదే చెరసాలలో వేయిస్తే ఏం చేస్తావురా?"

"వేయించండి మహారాజా. కాపలా కూడా నేనే కదా, తాళంచెవి నా దగ్గరే ఉంది" అన్నాడు బండకేశుడు, ఉన్నమాటే చెబుతూ.

ఆ మాటకు రాజుకు నవ్వు పొంగుకొచ్చింది. కిరీటం జారి ఒళ్ళో పడేదాకా నవ్వాడు. చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగాడు, మెడలో హారం బండకేశుడికిస్తే అది అతని చిటికెన వేలికి ఉంగరమైంది.

తరువాత రాజు కిరీటాన్ని మంత్రి చేతికిచ్చి, నేల మీది రాళ్ళన్నీ కలిపేశాడు.

"మళ్ళీ పేర్చండర్రా. ఈసారి మేకలు నావి."