పన్నుకుండలో తొలిధార

కొండవాలున ఇప్పచెట్ల కింద ఎలుగమ్మ సారా బట్టీ ఉండేది. అడవిలో ఒళ్లొంచి పనిచేసే జీవాలన్నీ పొద్దువాలగానే అక్కడికే చేరేవి. కట్టెలమోపు ఒకటి తెచ్చి పడేస్తే దొప్పెడు సారా. ఎలుగమ్మ నోరు మాత్రం పొయ్యికన్నా వేడి. "ఇంకో దొప్పా? ఇంటికెళ్లి పిల్లల మొహం చూడు, పో!" అని తరిమేసేది.

ఆ బట్టీకి తాతలనాటి ఆచారం ఒకటుంది. కాచినప్పుడల్లా మొదట కారే తొలిధారని వనదేవత రాతిమీద పారబోయాలి. పైకి మొక్కు అనేవాళ్లు గానీ, అసలు సంగతి ఎలుగమ్మకి తెలుసు. అది తాగితే కళ్లు పోతాయి.

ఒకనాడు, రాజుగారి పన్నులు వసూలుచేసే నక్క తోకూపుకుంటూ వచ్చింది.

"ఎలుగక్కా, ఇకనుంచి రెండు కుండలు కాస్తే ఒకటి సింహంరాజుగారిది."

"నిన్నటిదాకా అయిదింటికి ఒకటే కదా!"

"అందరూ తాగి చెడిపోతున్నారని రాజుగారికి మహా బెంగ. సారా ప్రియమైతే తాగుడు తగ్గుతుందట."

"తగ్గించాలనుకునేవాడికి నా కుండలెందుకూ?"

"నన్నడిగితే ఎలా అక్కా? మోసుకుపోవడమే నా పని," అంది నక్క.

ఎలుగమ్మ ఏం చేస్తుంది పాపం! దొప్పకి రెండు మోపులు అడగక తప్పలేదు. ముసలి దున్న తెచ్చిన మోపు కింద పడేసి నిట్టూర్చింది.

"ఒక్కదానికే నడుం విరిగిపోతోంది చెల్లీ. రెండెక్కడ తేను?"

"నాకు మాత్రం సరదానా అన్నా? సారాకి ఇప్పపూలు ఏరేవాళ్లకి నేనేం పెట్టను?"

దున్న మోపెత్తుకుని వెళ్లిపోయింది. దాని వెనకే మిగతావాళ్లూ రావడం మానేశారు. ఖాళీ వాకిలి చూస్తుంటే ఎలుగమ్మ కడుపు మండిపోయింది.

మర్నాడు బట్టీ పెట్టాక తొలిధారని రాతిమీద పొయ్యలేదు. తీసుకెళ్లి పన్నుకుండలో కలిపింది. "తాగనీ మహారాజుని! కళ్లు పోతే నా బట్టీ కనిపించదు వాడికి," అనుకుంటూ మూతచుట్టూ మట్టిమెత్తింది. నక్క వచ్చి ఆ కుండ మోసుకుపోయింది. ఆ తర్వాత కాచినప్పుడల్లా అదే వరస.

కొన్నాళ్లకి, మిట్టమధ్యాహ్నం వేళ, దున్న చెట్లకి గుద్దుకుంటూ వచ్చింది. ఎదురుగా పొయ్యి భగభగ మండుతోంది.

"చెల్లీ, అప్పుడే పొద్దుగుంకిందా? పొయ్యి వెలిగించలేదేం?"

ఎలుగమ్మ దాని కళ్లలోకి చూసింది. "ఎక్కడ తాగావన్నా? చెప్పు, ఎక్కడ తాగావు?"

"వాగొడ్డున నక్క కొట్టు పెట్టిందిగా. ఒక్క మోపుకే దొప్ప. అందరం అక్కడికే పోతున్నాం."

ఎలుగమ్మ పడుతూ లేస్తూ వాగు దగ్గరికి పరిగెత్తింది. కొట్టు నిండా తన కుండలే. మూతల మట్టిమీద తన గోళ్ల గుర్తులే!

"ఇవి రాజుగారివి కదే!"

"రాజుగారికి కడుపులో పుండు అక్కా, చుక్క ముట్టరు. అలాగని పారబోసుకుంటామా?" అని నక్క నవ్వింది. "ఏం? సరుకులో తేడా ఉందా?"

నోరు విప్పితే తన పని బయటపడుతుంది. ఎలుగమ్మ దొరికిన కర్ర తీసుకుని కుండలన్నీ పగలగొట్టింది.

"చూశారా కుళ్లు! తన బట్టీ పడుకుందని మన నోటికాడిది పారబోసింది," అని నక్క గగ్గోలు పెట్టింది. తాగుతున్న జీవాలన్నీ దుమ్మెత్తిపోస్తూ ఎలుగమ్మని వాగు దాటేదాకా తరిమాయి.

తిరిగొచ్చేసరికి దున్న ఇంకా పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"నీ చేతి సారా అయితే నాకీ గతి పట్టేది కాదు చెల్లీ," అంది.



నీతి: పైవాడిమీద కసితో కలిపిన విషం వాడి గుమ్మం ఎక్కదు, తిరిగొచ్చి మనవాళ్ల దొప్పల్లోనే పడుతుంది.