జేజి నోట రాని పేరు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపటినుంచి నేను కెలికిన సంకటి ప్రతిసారీ ఉండలు కట్టుగాక. అంతకన్నా పెద్ద ఒట్టు మా వైపు ఏ ఆడదీ వెయ్యదు. సగం నా కళ్లతో చూశాను. మిగతా సగం, చూసినవాళ్లకంటే నాకే బాగా తెలుసు.

ఎర్రమల కొండల్లో సుంకన్నసామి మఠం ఉండేది, అక్కడ వంట నాది. సామి ఎంత బక్కపలచన అంటే, ఆషాఢమాసం గాలికి ఎగిరిపోకుండా శిష్యులు ఆయన పంచె కొంగుకు రోకలి కట్టి కూర్చోబెట్టేవాళ్లు. మాట ఇంకా పలచన.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. ఉపదేశం తీసుకునే పున్నమినాడు శిష్యుణ్ణి నలుగురిలో నిలబెట్టి "నువ్వు ఎవరివాడివి?" అని అడుగుతారు. ఫలానా ఆయన మనవణ్ణి, ఫలానా ఆయన మునిమనవణ్ణి అని గట్టిగా చెప్పుకోవాలి.

చంద్రమౌళి అనే శిష్యుడికి ఆ ప్రశ్న తలుచుకుంటేనే ముద్ద గొంతు దిగేది కాదు. నాలుగేళ్ల వయసులో తల్లీతండ్రీ పోతే, కర్నూల్లో ఉండే చిన్నమ్మ తీసుకుపోయి పెంచింది. అక్క పెట్టుకున్న పేరు పిలిస్తే ఏడుపొస్తుందని, ఆమే ఈ కొత్త పేరు పెట్టి బళ్లో వేసింది. మళ్లీ సొంతూరి మొహం చూపించలేదు. వీధిలో పిల్లలు వాణ్ణి "వంకలో కొట్టుకొచ్చినోడా" అని పిలిచేవాళ్లు. ఆ పిల్లలు ఈపాటికి మరిచిపోయి ఉంటారు. వాడు మరవలేదు.

అందుకే పున్నమి దగ్గర పడేకొద్దీ వంశాన్ని తవ్వడం మొదలుపెట్టాడు. సొంతూళ్లో సొంత మనిషంటూ మిగిలింది ఒక్కతే, నాయన తల్లి, ఎర్రక్క జేజి. మనసు గట్టి చేసుకుని పోయి ఆమె ముందు ఒక పూటంతా కూర్చున్నాడు. జేజి వాడి మొహం చూస్తూ, పడీపడీ నవ్వుతూ తన మామ సంగతులు చెప్పింది. ఆమె నవ్వితే మూడు ఊళ్ల అవతల బర్రెలు పాలు చేపేవి.

తిరిగొచ్చి మఠం అరుగు నిండా బొగ్గుతో లెక్కలు వేశాడు. వాడు అరగదీసిన బొగ్గుకు ఆ వారం మా పొయ్యి రాజితే ఒట్టు.

సామి వచ్చి అరుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏమిరా ఇది?"

"మా వంశం సామీ. అంచనా కట్టినాను. నాకు పాతికేళ్లు. వెనక్కి తరానికో పాతిక వేసుకుంటూ పోతే, మా ముత్తాత పుట్టి నూరేళ్లు. తెలిసినవాటిని పట్టుకుని తెలియనివి ఊహించుకుంటే, ఎక్కడ వెతకాలో దానంతట అదే తేలుతుంది."

"ఏమి తేలింది?"

"జేజి చెప్పింది సామీ. వాళ్ల మామ, అదే మా ముత్తాత, ఒంటిమీద గుడ్డ నిలవనిచ్చేవాడు కాదంట. ఎండయినా వానయినా దిగంబరంగానే వీధిలో తిరిగేవాడంట. అంటే అవధూత!"

సామి తల ఊపాడు.

"అన్నం పెడితే విసిరికొట్టి మన్ను తినేవాడంట. నాలుకను జయించినాడన్నమాట. పొట్టేలునెక్కి ఊరేగేవాడంట. మృగాలు మాట వినేవన్నమాట. ఒకసారి జొన్నల గాదెలో దూరితే ఊరు ఊరంతా వెతికిందంట. చివరికి నవ్వుకుంటూ తనంతట తానే బయటికొచ్చినాడంట. అంటే, గుహలో సమాధి స్థితిలో..."

"గాదె గుహ ఎప్పుడయ్యిందిరా?"

"ముసలామె మాట గదా సామీ, మనమే కొంచెం సర్దుకోవాలి."

పక్కన పప్పు ఏరుతున్న ఆడవాళ్లం ఒకరి మొహాలొకరం చూసుకుని కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

"ఆయన పేరేమి?" అన్నాడు సామి.

మౌళి తల దించుకున్నాడు. "జేజి చెప్పలేదు. మామ పేరు కోడలి నోట ఎట్లా వస్తుంది?"

"ఊళ్లో ఇంకెవరినయినా అడగాల్సింది."

"అడిగితే, సొంత ముత్తాత పేరు తెలియనోణ్ణని నాకు నేనే చాటింపు వేసుకున్నట్టు కాదా?" వాడు చేతిలో బొగ్గు అవతల పారేశాడు. "నేను పోతాను సామీ. ముందు అహోబిలం, ఆ తర్వాత యాగంటి గుహలు. ఆ సిద్ధుడి సమాధి ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది దొరికేదాకా నాకు ఉపదేశం వద్దు. ఎవరివాడివి అని అడిగితే నోరెళ్లబెట్టి నిలబడలేను. దొరక్కపోతే తిరిగి రాను."

ఆ చివరి మాటకు మా నవ్వులు ఆగిపోయాయి. అన్నంత పనీ చేసే రకం వాడు.

సామి లేచి చేతికర్ర అందుకున్నాడు. "అహోబిలం దావలోనే గదా మీ జేజి ఊరు? పద, అంతవరకు నేనూ వస్తా."

మఠంలో ఉప్పు అయిపోయిందని చెప్పి నేనూ వెనకాలే బయలుదేరాను. ఉప్పు బస్తా నిండుగానే ఉంది, అది వేరే సంగతి. ఆ రోజు ఎండ ఎట్లాంటిదంటే, దారిలో తొండలు కూడా చెప్పులు తొడుక్కుని తిరుగుతున్నాయి.

జేజి ఇంటిముందుకు వచ్చాక సామి గడప దాటలేదు. వీధిలో నిలబడే కేక వేశాడు.

"ఎర్రక్కా! మీ మామ వచ్చినాడు!"

మౌళి బిత్తరపోయాడు. ఎప్పుడో పోయిన పెద్దమనిషిని పట్టుకుని ముసలామెతో ఈ వేళాకోళమేమిటని సామి చెయ్యి పట్టుకోబోయాడు.

లోపలినుంచి జేజి గొంతు వినబడింది. "వచ్చినాడా! గుడ్డలేసుకుని వచ్చినాడా, లేదా?"

మౌళి నోరు తెరుచుకుంది. మళ్లీ మూతపడ్డానికి చాలాసేపు పట్టింది.

జేజి పిండి చేతులతో బయటికొచ్చింది. రావడం రావడమే వాడి తల వంచి, చెవి వెనక జుట్టు పక్కకు తీసింది. "చూడండి సామీ, పొట్టేలు కింద పడేస్తే ఇక్కడ రోలు తగిలింది. నేను ఏడ్చినాను గానీ మా మామ ఏడిస్తే ఒట్టు!"

మౌళి చెయ్యి మెల్లగా ఆ మచ్చ మీదికి పోయింది. అది ఎక్కడిదో చిన్నమ్మకు కూడా తెలియదు.

"జేజీ... గాదెలో దూరింది?"

"నువ్వు గాక నేనా? మొన్న పూటంతా నీ ఆగడాలు నీకే చెప్పి నవ్వుకుంటి. ఎవరి కథ అనుకున్యావు?"

"మా ముత్తాత కథ..."

"ఆయప్పకు కథ కూడానా!" జేజి నవ్వుకు ఇంటి మీది బండలు కదిలాయి. "నోట్లో నాలుక లేని మనిషి నాయనా. జొన్నచేలో గువ్వలు తోలినాడు, పెట్టింది తిన్నాడు, కోడల్ని పల్లెత్తు మాట అనకుండా పోయినాడు. అంత మంచి మామ. ఆయప్ప పేరే నీకు పెట్టినారు. ఆ పేరుతో నిన్ను నేనెట్లా పిలుస్తా? అందుకే మామా, మామా అంటాంటి."

"ఆ పేరేమి తల్లీ?" అన్నాడు సామి.

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అహోబిలం కొండమీది దేవుడి పేరే సామీ. మా పల్లెల్లో పలికినట్టు పలకాల." ఆ తర్వాత మెల్లగా అంది. "వీళ్లమ్మా నాయనా పిలిచేవాళ్లు. వాళ్లు పాయ. వీణ్ణి తీసుకపోయినాక ఆ పేరు పలికే నోరే ఈ ఇంట్లో లేకపాయ. నా నోరు ఉండీ ఏం లాభం?"

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

సామి చేతికర్ర గోడకు ఆనించాడు. చేల వైపు మొహం తిప్పి, ఆడుకోవడానికి పోయి ఇంటికి రాని పిల్లాణ్ణి పిలిచినట్టు, గొంతెత్తి పిలిచాడు.

"ఓబులేసూ!"

ఆ కేకకు నల్లమలలో నెమళ్లన్నీ ఒక్కసారి బదులు పలికాయి. అయితే వాటికంటే ముందే, నా పక్కనుంచి, "ఆఁ!" అని వినబడింది.

మౌళి ఉలిక్కిపడ్డాడు. ఎవరు పలికారా అని చుట్టూ చూశాడు.

జేజి పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా తెల్లగా అయ్యింది. వాడు ఆ మొహం చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరి నవ్వూ కలిసేసరికి ఊళ్లో బర్రెలకు దూడలను విడవాల్సిన పని లేకపోయింది.

చాలాసేపటికి వాడు సామి వైపు తిరిగి, "సామీ, మరి ఉపదేశం..." అన్నాడు.

"పిలిస్తే పలికినావు గదరా. ఇంకేముంది? కాళ్లు కడుక్కోపో, మీ జేజి రొట్టెలు కాలుస్తాంది."

అంతే నా కథ. ఇంకా అట్లా నోరు తెరుచుకుని కూర్చుంటావేమి? ఆ చెంబు తీసుకునిపోయి ఎదురింటి మాదక్కను ఇంత మజ్జిగ అడిగి తీసుకురా. నాకని చెప్పొద్దు, ఇయ్యదు.